గ్లాసులో ఉన్నది ఒట్టి థమ్సప్

మందు ఆరోగ్యానికి హానికరమని చెప్పడానికి నేను రాలేదు, ఆ ముక్క సినిమాకెళ్లిన ప్రతిసారీ తెర మీద చదువుతూనే ఉన్నారు కదా.

పదకొండేళ్లు హాస్టల్ వార్డెన్‌గా చేశాను. పట్టుబడిన ప్రతివాడూ నాతో అన్న మాట ఒక్కటే, "అందరూ తాగుతారు సార్." ఒకసారి ఫేర్‌వెల్ రాత్రి ఓ గదిలోకి వెళ్తే ఎనిమిది మంది, ఎనిమిది గ్లాసులు. తీసుకుని వాసన చూశాను, మూడింట్లో ఒట్టి థమ్సప్. ఆ ముగ్గురూ రమ్ము తాగుతున్నట్టు నటిస్తున్నారు, పైగా మిగతా ఇద్దరూ నటిస్తున్నారని ఏ ఒక్కడికీ తెలీదు! కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో మందు తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 2.8 శాతం. మరి ఈ "అందరూ" ఎవర్రా?

గంజాయి దగ్గరికొస్తే ఇంకో మాట, "ఆకే కదా సార్, నేచురల్." ఉమ్మెత్త కూడా ఆకేనమ్మా, పచ్చడి చేసుకుంటామా? 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టంలో గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం అంటారు, దానికీ ఏడాది దాకా జైలు ఉంది. "ఈ బ్యాగు కాస్త హైదరాబాద్‌లో ఇచ్చెయ్, ఖర్చులు మావి" అన్న సీనియర్ మాట విని బస్సెక్కితే, అందులో 20 కిలోలు దాటి ఉంటే శిక్ష పదేళ్ల నుంచి మొదలవుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి అది పూర్తి చేస్తే, వాడినందుకూ, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకూ కేసు నడపకుండా అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. ఇది మీకు ముందే చెప్పాల్సింది మేమే, చెప్పలేదు.

నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. ఒకడు మేడ మీద వెల్లకిలా పడిపోయి వాంతి చేసుకుంటుంటే, నాకు తెలిస్తే ఇంటికి ఫోన్ చేస్తానని భయపడి, పక్కనున్నవాళ్లు గంటసేపు కిందికి రాలేదు. వాడు బతికాడు, అదృష్టం. అలాంటప్పుడు ముందు మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. 108కి కొట్టండి, ఆ తర్వాత వార్డెన్‌ని లేపండి. తిట్లు పొద్దున చూసుకుందాం. ఇప్పుడు ఫోన్లు తీసి 14446 సేవ్ చేసుకోండి, మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. వెనక బెంచీ, మీకే!