పడమటి గోడకు అద్దాలు వద్దు: ఒంగోలులో సేవా క్లబ్బు సమావేశంలో చేసిన ప్రసంగం

అధ్యక్షులకు, కార్యదర్శికి, సభ్య మిత్రులకు నమస్కారం. పర్యావరణానికి భారం కాని ఇళ్ల గురించి అరగంట మాట్లాడమన్నారు. వెనక సాంబారు గిన్నె మూత తీసినట్టున్నారు, వాసన వస్తోంది. పది నిమిషాల్లో ముగిస్తాను.

ముందు నా తప్పు చెబుతాను. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్లకు ప్లాన్లు గీసినవాణ్ణి. మా నాన్నగారు కట్టిన పెంకుటింటికి పడమట లోతైన వసారా ఉండేది. స్థలం వృథా అనుకుని దాన్ని పడగొట్టి, స్లాబు వేసి పడకగది చేశాను. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి ఆ గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది. పగలంతా తాగిన ఎండను అది రాత్రంతా గదిలోకి వదులుతుంది. ఏసీ పెట్టించాను. వసారా ఊరికే చేసిన పనికి ఇప్పుడు కరెంటు బిల్లు కడుతున్నాను. మా ఆవిడ దాన్ని ‘ఇంజనీరు గారి గది’ అంటుంది. పొగడ్త కాదు.

లారీ బేకర్ 1917లో ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి. లయన్స్ క్లబ్బులు పుట్టిందీ ఆ ఏడే. ఐదు మైళ్ల లోపల దొరికే వస్తువులతోనే ఇల్లు కట్టాలని గాంధీజీ తనతో అన్నారని ఆయన చెప్పేవారు. ఆ లెక్క మనకు వేస్తే నవ్వొస్తుంది. చీమకుర్తి గ్రానైటు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. మన గదుల్లోకి గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్సు వస్తాయి.

బేకర్ బాగా వాడిన పద్ధతి ఒకటుంది, ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. మన మేస్త్రీలకు చెబితే ‘బోలుగోడ నిలుస్తుందా సార్?’ అంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక వరస కట్టి చూపిస్తే అర్థమవుతుంది. స్లాబులోనూ ఇలాంటి కిటుకే ఉంది. అడుగు భాగంలో లాగుడును మోసేది ఇనుము. అక్కడి కాంక్రీటుకు పెద్ద పని లేదు. ఇనుప కడ్డీల మధ్య పాత మంగుళూరు పెంకులు పేర్చి కాంక్రీటు పోస్తే ఆ మేరకు సిమెంటు తగ్గుతుంది. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 8 శాతం సిమెంటు తయారీదే కనుక ఇది చిన్న పొదుపు కాదు. ఇక ఇటుకలంటారా, నెల్లూరు జిల్లా నేలటూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలి బూడిద వస్తోంది. బూడిద ఇటుకకు బట్టీ అక్కర్లేదు, పొలంలో పైమట్టి తవ్వక్కర్లేదు. నీళ్లతో తడిపితే గట్టిపడుతుంది.

ఇంతకూ అసలు విషయం మన క్లబ్బు కట్టబోయే హాలు. నమూనా చూశాను. ముఖం పడమరకు, ఆ ముఖమంతా అద్దం. ఫొటోలో అందంగానే ఉంటుంది. మే నెలలో సాయంత్రం నాలుగింటికి అందులో రక్తదాన శిబిరం పెడితే రక్తమిచ్చినవాళ్లకు మనమే సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. నా ప్రతిలో ఆ అద్దాన్ని పెన్సిలుతో కొట్టేసి, ఎనిమిది అడుగుల వసారా గీశాను. అధ్యక్షుల వారి బల్ల మీద పెడుతున్నాను. రబ్బరు మాత్రం ఇవ్వను.