శశిరేఖ లగ్గం వ్యాసుడికి తెలియదు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఇంకా ఉన్నాయి.

నిన్న రాత్రి మీలో చాలామంది గుడి ముందు 'మాయాబజార్' చూశారు. చూశారంటే సగమే చూశారు. ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ఎత్తుకుపోతుండగా కరెంటు పోయింది. గాల్లో లేచిన మంచం గాల్లోనే ఉండిపోయింది. అరగంట చూసి, దోమలకు తాళలేక అందరం లేచాం. సినిమా మొత్తం చూశాక మర్నాడు నేను మాట్లాడాలన్నది ఏర్పాటు. ఇప్పుడు సగం సినిమా మీద ప్రసంగం చేయాల్సి వచ్చింది. అయినా మహారాష్ట్రలో ఉన్న ఈ సిరొంచలో తెలుగు ఇంట్లో పుట్టి మిగతా సగం తెలియనివాళ్లు ఎవరున్నారు గనక!

చీకట్లో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే అడిగింది, "గింతసేపాయె, పాండవులేరి బిడ్డా?" అని. వస్తారులే అవ్వా అనబోయి ఆగాను. వాళ్లు రారు. 1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమా మూడు గంటలు నడుస్తుంది. కథంతా పాండవుల ఇంటి పెళ్లి గురించే, అర్జునుడి కొడుకు అభిమన్యుడికీ బలరాముడి కూతురు శశిరేఖకీ. అయిదుగురిలో ఒక్కడైనా తెర మీదకు రాడు. వ్యాసుడి కథలో అసలు మనుషులెవరో వాళ్లందరినీ అడవికి పంపేసి, ఇంట్లో మిగిలిన ఆడవాళ్లతో, పిల్లలతో, మేనమామతో కథ నడిపారు. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు చేసిన మొదటి తెలివైన పని ఇదేనని నా లెక్క.

ఇంతకీ ఈ కథ భారతంలో ఎక్కడుంది?

నేను మరాఠీ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఒకరోజు ఆరో తరగతిలో ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకున్నారు. బలరాముడి కూతురి పేరు శశిరేఖ అని మనవాడు, వత్సల అని అవతలివాడు. మరాఠీవాళ్ల నాటకాల్లో ఆ అమ్మాయి వత్సలే, కొన్నిచోట్ల సురేఖ. కొల్హాపూర్‌లో బాబురావు పెయింటర్ 1921లోనే 'సురేఖా హరణ్' అని మూకీ తీశాడు. తర్వాత దర్శకుడిగా అంత పేరు తెచ్చుకున్న శాంతారాం అందులో కృష్ణుడి వేషం వేశాడు. మనవాళ్లు 1936లో టాకీ తీశారు. అంతకు ముందు నుంచీ సురభి నాటకాల వాళ్లు ఊరూరా ఆడుతూనే ఉన్నారు. అంటే గోదావరికి ఇవతలా అవతలా ఈ పెళ్లి జరుగుతూనే ఉంది, పెళ్లికూతురి పేరే మారుతోంది.

తీర్పు చెప్పమని పిల్లలిద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు. రేపు చెప్తానని తప్పించుకుని, ఇంటికెళ్లి పుస్తకాలు ముందేసుకున్నాను. భారతంలో శశిరేఖ లేదు. వత్సలా లేదు. మన కవిత్రయం వారి తెలుగు భారతంలోనూ లేదు. విష్ణుపురాణం బలరాముడికీ రేవతికీ నిశఠుడు, ఉల్ముకుడు అని ఇద్దరు కొడుకుల్ని చెప్పి ఊరుకుంటుంది. మర్నాడు క్లాసులో ఇద్దరూ తప్పే అన్నాను. ఆ రోజు నన్ను ఇద్దరూ కలిసి తిట్టుకున్నారు, కనీసం వాళ్ల మధ్య సంధి కుదిరింది.

ఇప్పుడైతే అలా చెప్పను. లేదు అని కొట్టేయడం సులువు. లేని కథ ఇన్ని భాషల్లో, ఇన్ని ఊళ్లలో ఎందుకు పుట్టిందన్నది అడగాలి. దానికి జవాబు వ్యాసుడి దగ్గరే దొరికింది నాకు.

అరణ్యపర్వం మొదట్లో, పాండవులు జూదంలో అంతా పోగొట్టుకుని కామ్యకవనంలో ఉండగా కృష్ణుడు చూడటానికి వస్తాడు. తిరిగి వెళ్లేటప్పుడు చెల్లెలు సుభద్రనూ మేనల్లుడు అభిమన్యుడినీ రథమెక్కించుకుని ద్వారకకు తీసుకుపోతాడు. ద్రౌపది పిల్లల్ని వాళ్ల మేనమామ ధృష్టద్యుమ్నుడు తీసుకుపోతాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు అడవి, ఒక ఏడు అజ్ఞాతం. విరాటుడి కొలువులో అంతా బయటపడ్డాక అభిమన్యుడు ద్వారక నుంచి వచ్చి ఉత్తరను పెళ్లాడతాడు. నడుమ ఆ పిల్లాడి గురించి వ్యాసుడు చెప్పింది చాలా తక్కువ.

ఆలోచించండి. పదమూడేళ్లు మేనమామ ఇంట్లో పెరిగిన పిల్లాడు. ఆ ఇంట్లో ఈడైన మరదలు లేదంటే మన ఊళ్లో ఎవరైనా నమ్ముతారా? మేనరికం ఉన్న నేల మీద ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. అమ్మలక్కలు ఊరుకోరు. మనకు మామ కూతురు ఎలాగో, మరాఠీవాళ్లలోనూ చాలా ఇళ్లల్లో మామాచీ ములగీ అలాగే. ఈ కథ పెరిగింది అలాంటి ఇళ్లల్లో. ఆ మాటకొస్తే అర్జునుడు చేసుకున్న సుభద్ర మాత్రం ఎవరు? కుంతి వసుదేవుడి చెల్లెలు. అదీ మేనరికమే. తండ్రి చేసుకున్నట్టే కొడుక్కీ చేసుకున్నారు మనవాళ్లు.

అది పైపై పోలిక కాదు. భాగవతం దశమస్కంధం తీసి చూడండి. సుభద్రను దుర్యోధనుడికి ఇవ్వాలని బలరాముడి పట్టు. కృష్ణుడి మనసు అర్జునుడి మీద. అర్జునుడు సన్యాసి వేషంలో ద్వారకలో తిష్ఠ వేస్తాడు, బలరాముడే తెలియక అతన్ని ఇంటికి పిలిచి భోజనం పెడతాడు, ఆఖరికి పిల్ల ఎగిరిపోతుంది. అన్న మండిపడతాడు, తమ్ముడు కాళ్లు పట్టుకుని చల్లబరుస్తాడు. ఇప్పుడు సినిమా గుర్తు చేసుకోండి. బలరాముడు హస్తినాపురం వెళ్లి పొగడ్తలకు పడిపోయి కూతుర్ని దుర్యోధనుడి కొడుక్కి ఇస్తానంటాడు. కృష్ణుడు నవ్వుతూ తల ఊపి చాటున చక్రం తిప్పుతాడు. వేషం మార్చుకుని ఒకడు ద్వారకకు వస్తాడు. పిల్ల ఎగిరిపోతుంది. తల్లి కథే కొడుక్కి మళ్లీ కుట్టారు. కొత్త గుడ్డ కాదు, అమ్మ పెళ్లి చీరలోంచి తీసిన గుడ్డ.

అదే దశమస్కంధంలో ఇంకో చిత్రం ఉంది. దుర్యోధనుడికి లక్ష్మణ అనే కూతురు. కృష్ణుడి కొడుకు సాంబుడు ఆమెను స్వయంవరంలోంచి ఎత్తుకుపోతే కౌరవులు పట్టి బంధించారు. విడిపించడానికి వెళ్లింది ఎవరు? బలరాముడు. వాళ్లు చులకనగా మాట్లాడేసరికి నాగలి హస్తినాపురానికి తగిలించి గంగలోకి ఈడ్చబోయాడు. పెళ్లిపిల్లనిచ్చి దండం పెట్టారు. అక్కడ లక్ష్మణ ఆడపిల్ల, మన కథలో లక్ష్మణకుమారుడు మగపిల్లాడు. అక్కడ యాదవులు పిల్లను తెచ్చుకున్నారు, ఇక్కడ ఇవ్వబోయారు. కథలు చెప్పేవాళ్లు ఆ సంగతిని తిరగేసి వాడుకున్నారో, పేరు మాత్రమే కలిసిందో మీరే ఆలోచించండి. నాకైతే ఒక బాధ ఉంది. ఆ నాగలి ఈడ్చిన బలరాముడు సినిమాలో లేడు. గుమ్మడి చేసిన బలరాముడు మంచివాడు, ముక్కుసూటి మనిషి, భార్య ఒక మాట అంటే ఇట్టే మెత్తబడే మనిషి. నవ్వొస్తుంది గానీ భయం వేయదు.

పోగొట్టుకున్నదానికి బదులు వచ్చినవీ ఉన్నాయి. ప్రియదర్శిని పెట్టె చూడండి. శశిరేఖ పుట్టినరోజుకు కృష్ణుడిచ్చిన కానుక, ఎవరికి ఏది ప్రియమో వాళ్లకు అదే చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు తొంగి చూస్తే శకుని. నిన్న అక్కడికొచ్చేసరికి నా వెనక పిల్లలంతా గొల్లుమన్నారు. ఇలాంటి పెట్టె ఏ పురాణంలోనూ నాకు కనపడలేదు. కానీ వేల శ్లోకాల ఉద్యోగపర్వంలో కృష్ణుడి మనసులో ఏం తిరుగుతుందో, ఆ ఒక్క బొమ్మలో చూపించారు. పైకి రాయబారం, లోపల లెక్కంతా శకుని మీద.

సుభద్ర సంగతీ అంతే. వ్యాసుడి సుభద్ర మాట్లాడేది తక్కువ, కొడుకు పోయాక ఏడ్చే ఏడుపులోనే ఆమె గొంతు గట్టిగా వినపడుతుంది. సినిమాలో అన్న మాట తప్పాడని కొడుకును వెంటబెట్టుకుని అడవి దారి పడుతుంది. ఘటోత్కచుడు అడ్డొస్తే తనే విల్లు అందుకుంటుంది. ఈ సుభద్ర నాకు నచ్చింది. పుట్టింట్లో ముఖం చెల్లని ఆడబిడ్డ ఎలా లేచి నడుస్తుందో మన ఊళ్లో చూసినవాళ్లే రాసి ఉంటారు.

ఇక ఘటోత్కచుడు. దీని దగ్గర కాస్త ఆగుతాను, టీ వచ్చినా సరే.

ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిని చూస్తే పిల్లలు భయపడరు, ఒళ్లోకి వెళ్లి కూర్చోవాలనుకుంటారు. తల్లి మాట జవదాటడు, తమ్ముడంటే ప్రాణం, గారెలూ బూరెలూ అరిసెలూ చూస్తే ఆగలేడు. శిష్యులు కొత్త మాట పలికితే, మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా పుట్టేది అని మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. నాకు ఆ ముక్క దగ్గర మన సిరొంచే గుర్తొస్తుంది. మా మనవడు "తాతా, ఉద్యా పొద్దున వస్తా" అంటాడు. అందులో ఏది తెలుగు, ఏది మరాఠీ అని వాడికి తెలియదు. వాడికీ వేయాలి ఒక వీరతాడు.

వ్యాసుడి ఘటోత్కచుడిలో కూడా ఈ ఆప్యాయత ఉంది. అరణ్యపర్వంలో ద్రౌపది నడవలేక పడిపోతే, తండ్రి తలుచుకోగానే వచ్చి ఆమెను మోసుకుని కొండలు దాటిస్తాడు. అంటే మోసుకుపోవడం అతని పాత అలవాటే, మంచంతో సహా శశిరేఖను మోయడం ఏమంత వింత కాదు. కానీ ద్రోణపర్వం చదవండి. పద్నాలుగో రోజు యుద్ధం పొద్దుగూకినా ఆగలేదు. దివిటీల వెలుతురులో కొట్టుకున్నారు. ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్నాడు, ఒక్కసారే పనికొచ్చే ఆయుధం అది. ఘటోత్కచుడి ధాటికి తాళలేక దాన్ని అతని మీద వేసేశాడు. చచ్చి పడుతూ కూడా ఒళ్లు పెంచి కౌరవుల అక్షౌహిణి మీద పడ్డాడు ఆ కొడుకు. పాండవులు ఏడుస్తున్నారు. కృష్ణుడు అర్జునుణ్ణి కౌగిలించుకుని గంతులు వేశాడు.

ఎందుకయ్యా అని అర్జునుడు అడిగితే, కర్ణుడి చేతిలో శక్తి ఖర్చయిపోయింది, నువ్వు బతికావు అన్నాడు. అక్కడితో ఆగలేదు. కర్ణుడు చంపకపోతే ఏదో ఒకనాడు నేనే చంపాల్సి వచ్చేది, యజ్ఞాలకు అడ్డం పడేవాడు వాడు అన్నాడు.

ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. చిన్నప్పటి నుంచీ రామారావు కృష్ణుడూ రంగారావు ఘటోత్కచుడూ ముసిముసి నవ్వులతో ఒకరినొకరు చూసుకునే బొమ్మే కళ్లలో ఉంది. ఆ కృష్ణుడేనా ఈ మాటలన్నది? మూలంతో పోల్చడమంటే ఇదీ. పాట ఉందా, పెట్టె ఉందా అని వెతకడం చిన్న పని. ఈ ఇద్దరు కృష్ణుల్నీ పక్కపక్కన నిలబెట్టి చూడటం కష్టం.

ఇంకొకటి. నిన్న మీరంతా లక్ష్మణకుమారుణ్ణి చూసి పడీపడీ నవ్వారు. రేలంగి వేస్తే నవ్వక చస్తామా. ఇవాళ మిగతా సగంలో మాయాశశిరేఖ అతని కాలు తొక్కినప్పుడు ఇంకా నవ్వుతారు. వ్యాసుడి దగ్గర దుర్యోధనుడి కొడుకు లక్ష్మణుడు హాస్యగాడు కాడు. తండ్రికి ముద్దుల కొడుకు, మంచి యోధుడు. పదమూడో రోజు పద్మవ్యూహంలో అతన్ని చంపింది ఎవరో తెలుసా? అభిమన్యుడు. అదే రోజు అభిమన్యుడూ పోయాడు, పదహారేళ్లవాడు. (సినిమాలో అక్కినేనికి అప్పటికే ముప్పై దాటాయి, అది వేరే సంగతి.) మర్నాటి రాత్రి ఘటోత్కచుడు. అంటే ఈ సినిమాలో ఒకే పెళ్లి కోసం కొట్టుకునే ముగ్గురు కుర్రాళ్లూ రెండు రోజుల తేడాలో చచ్చిపోతారు.

ఈ సంగతి కథ కట్టినవాళ్లకు తెలియదా? పురాణం వినీవినీ తలలు పండినవాళ్లు, తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసే కథను ముందుకు జరిపి, యుద్ధం ఇంకా రాని చోట, అన్నదమ్ములు ఒకరినొకరు ఏడిపించుకోవడానికి ఒక పెళ్లి పందిరి వేశారని నాకనిపిస్తుంది. లక్ష్మణకుమారుణ్ణి వెక్కిరించడం మటుకు నాకు ఇప్పటికీ కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. పోయిన పిల్లాడు కదా.

ఇంతకూ పెళ్లయ్యాక శశిరేఖ ఏమైంది, ఉత్తర వచ్చాక ఇద్దరూ ఎలా సర్దుకున్నారు అని నన్ను ఒక అమ్మాయి చీటీ రాసి అడిగింది, ఇందాకే అందింది. సినిమా పెళ్లితో ముగుస్తుంది తల్లీ. పరీక్షిత్తు ఉత్తర కడుపున పుట్టాడని వ్యాసుడు చెప్తాడు. శశిరేఖను పుట్టించింది మనవాళ్లు కాబట్టి, ఆ లెక్క మనవాళ్లే చెప్పాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తారు.

మిగతా సగం రాత్రి ఏడున్నరకు. జనరేటర్ మాట్లాడారట, డీజిల్ డబ్బులకు ఒక డబ్బా తిప్పుతున్నారు, తలా ఇంత వేయండి. ఆ ముసలమ్మకు ముందు వరసలో చోటు ఉంచమని పిల్లలకు చెప్పాను. నిన్న కరెంటు పోయాక ఆమెకు విడమరిచి చెప్పాను, పాండవులు రారవ్వా, అడవిలో ఉన్నారు, సినిమా అయిపోయేదాకా రారు అని. కాసేపు ఊరుకుని చాప చుట్టుకుంటూ అంది, "రాకుంటే రాకపోనీ. పిల్లగాని లగ్గమన్న జూస్త."