దెబ్బతిన్న కార్బన్ బాణం: బాగుచేయాలా, పక్కన పెట్టాలా?

(దృశ్యం: బల్ల మీద మూడు బాణాలు. ఒకదానికి ఈక ఊడింది, మరొకదానికి నాక్ (వింటినారికి తగిలించే వెనుక కొన గాడి ముక్క) విరిగింది, మూడోది చూడటానికి చక్కగానే ఉంది.)

నమస్కారం. ఈ మూడింటిలో పారవేయవలసిన బాణం ఏదని అడిగితే, చాలామంది మొదటి రెండింటిలో ఒకదాన్ని చూపిస్తారు. నిజానికి ఆ రెండూ కొద్దిపాటి పనితో తిరిగి వాడుకకు వస్తాయి. లక్ష్యంలో ఉన్న ఇంకొక బాణాన్ని రాసుకుంటూ దిగిన ఈ మూడోదాన్నే మనం అనుమానించాలి.

షాఫ్ట్ అంటే బాణం కాండం. కార్బన్ షాఫ్ట్ అంటే సన్నని కార్బన్ పోగులను ఎపాక్సీ వంటి రెసిన్‌తో బంధించి చేసిన గొట్టం. గట్టి దెబ్బ తగిలిన అల్యూమినియం బాణం సాధారణంగా వంగిపోయి తన లోపాన్ని తానే చూపిస్తుంది. కార్బన్ బాణం మాత్రం, లోపల పోగులు తెగినా, పొరలు విడిపోయినా, తిన్నగానే కనిపించవచ్చు.

(దృశ్యం: విల్లు నుంచి బయలుదేరుతున్న బాణం, నెమ్మది వేగంలో.)

వేళ్లు వదిలిన క్షణంలో వింటినారి వెనుక నుంచి బలంగా తోస్తుంది, ముందున్న మొన తన బరువు వల్ల వెంటనే కదలదు. ఆ రెండింటి నడుమ ఒత్తిడికి లోనైన షాఫ్ట్ అటూ ఇటూ వంగుతూ ముందుకు సాగుతుంది. బీట వారిన షాఫ్ట్ ఆ వంపులోనే పగిలిపోతే, వాడి ముక్కలు విల్లు పట్టుకున్న చేతిలోనో ముంజేతిలోనో దిగుతాయి. సన్నని కార్బన్ పోగులు ఎక్స్‌రేలో తేలికగా కనిపించవు కాబట్టి, ఆ గాయానికి చికిత్స కూడా సులభం కాదు.

అందుకే పరీక్ష. కంటికి రక్షణ అద్దాలు పెట్టుకుని, మొదట బాణాన్ని మంచి వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. తర్వాత చిన్న దూది ఉండతో షాఫ్ట్ పొడవునా తుడవండి. దూది ఎక్కడ చిక్కుకుందో అక్కడ పోగు లేచిందన్నమాట. ఈ పనికి ఉత్త వేలిని ఉపయోగించకండి.

(దృశ్యం: రెండు చేతులతో బాణాన్ని వంచుతున్న దగ్గరి చిత్రం.)

ఇక అసలు పరీక్ష ఇది. బాణం రెండు కొనల దగ్గర పట్టుకుని, ముఖానికి దూరంగా ఉంచి, నడుమ ఒకటి రెండు అంగుళాలు మాత్రమే వంగేలా బయటి వైపుకు వంచండి. కొద్దిగా తిప్పి మళ్లీ వంచుతూ, చుట్టూ అన్ని వైపులా పరీక్షించండి, ఎందుకంటే ఒక వైపు దాగిన బీట మరో వైపు వంచినప్పుడే బయటపడవచ్చు. చిటపట శబ్దం విన్నా, ఒకచోట మెత్తగా లొంగినట్లు తోచినా ఆ బాణం పని అయిపోయినట్లే. తరువాత రెండు కొనలను ఎదురెదురు దిశల్లో మెలితిప్పి చూడండి. సులువుగా మెలితిరిగితే అదే తీర్పు.

షాఫ్ట్ ఈ పరీక్షలన్నీ దాటితే, దానికి అమర్చినవి నిశ్చింతగా బాగుచేసుకోవచ్చు. ఊడిన ఈకను, పాత జిగురు గీకేసి, మళ్లీ అతికించవచ్చు. గీకేటప్పుడు పోగులు తెగకుండా చూసుకోవాలి. పగిలిన నాక్‌ను మార్చాలి. పాత నాక్ తీసినప్పుడు ఆ చివరను తప్పక పరిశీలించండి, వెనుక నుంచి మరో బాణం తగిలితే నాక్‌తో పాటు దాని కిందనున్న షాఫ్ట్ కూడా చీలి ఉండవచ్చు. వదులైన మొనను వేడితో తీయవలసివస్తే, వేడిని లోహానికే, అదీ కొద్దికొద్దిగా ఇవ్వండి. ఎక్కువైతే రెసిన్ దెబ్బతింటుంది.

చివరి అంచు మాత్రమే చిట్లితే, ఆ మేరకు కోసి మిగిలినది వాడవచ్చు. కానీ పొట్టిదైన బాణం తక్కువగా వంగుతుంది కాబట్టి, మిగతా వాటికంటే వేరుగా ఎగురుతుంది; పైగా విల్లును పూర్తిగా లాగినప్పుడు మొన రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే ఆధారం) దాటి ముందుకే ఉండాలి. కోసేటప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి మాస్కు తప్పనిసరి. ఒక బాణం కోసం ఇంత శ్రమ పడటం నాకైతే అరుదుగానే సమంజసమనిపిస్తుంది.

షాఫ్ట్ నడుమ బీటలో సూపర్ గ్లూ పోయడం మాత్రం వద్దు. జిగురు గీతను కనబడకుండా మూయగలదు, తెగిన పోగులకు పూర్వబలాన్ని ఇవ్వలేదు. అలాంటి బాణం మరొకరి చేతికి వెళితే వారికి ఆ బీట ఉన్న సంగతే తెలియదు.

(దృశ్యం: మూడో బాణాన్ని వంచగానే చిటపట శబ్దం.)

మన అనుమానం నిజమైంది. పనికివచ్చే మొనను తీసి దాచుకుని, షాఫ్ట్‌ను మళ్లీ ఎవరూ సంధించలేని విధంగా విరిచి, వాడి అంచులకు టేపు చుట్టి చెత్తలో వేయండి.