శివధనుస్సు ఎవరు విరిచారు?

సభకు నమస్కారం. ముందు వరసల్లో ఉన్నవాళ్లలో సగం మంది టీచర్లేనని ఇందాకే చెప్పారు. అందుకని కాస్త టెన్షన్‌గానే ఉంది. నన్ను మాట్లాడమన్నది బడి మీద హాస్యం గురించి. బడి అంటే మీరే కదా మరి.

ఒక పాత జోకుతో మొదలుపెడతాను. డీఈఓ గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి, ఐదో తరగతిలో ఒక పిల్లాణ్ణి లేపి, "శివధనుస్సు ఎవరు విరిచార్రా?" అన్నారు. వాడు వణికిపోతూ "నేను కాదండీ" అన్నాడు. చూశారా, అప్పుడే నవ్వేస్తున్నారు! తెలుగు మాస్టారు "వాడు అలాంటివాడు కాదు సార్" అని ఇంకా అననేలేదు. హెడ్మాస్టరు గారు "సాయంత్రంలోగా ఎవరో కనుక్కుంటాను సార్" అనలేదు. "కొత్త ధనుస్సుకు మూడు కొటేషన్లు పంపండి" అని పై ఆఫీసు నుంచి మెమో కూడా రాలేదు. కథంతా మీకు ముందే తెలుసు, తెలిసే నవ్వారు. నేను మాట్లాడదామనుకున్నది సరిగ్గా దీని గురించే.

ఈ జోకులో రాముడి పేరు ఒక్కసారీ రాదు. ఆ పేరు మీ దగ్గరుంది. పిల్లాడి భయం కూడా మీ దగ్గరే ఉంది. మన బళ్లలో పెద్దవాళ్లు "ఎవరు" అని మొదలుపెట్టారంటే ఏదో నేరం జరిగిందనే లెక్క. కిటికీ అద్దం పగిలి ఉంటుంది, లేకపోతే సుద్దముక్కల డబ్బా మాయమై ఉంటుంది. ఇక కొటేషన్ల సంగతి ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ తెలుసు కాబట్టి, వాళ్లు చివర్లో ఇంకో విడత నవ్వుతారు. చెప్పేవాడు నాలుగు మాటలు చెబుతాడు, మిగతా సరుకు వినేవాడు ఇంటి నుంచి తెచ్చుకుంటాడు. రామాయణం తెలియని చోట ఈ జోకు చెప్పాలంటే జనకుడి దగ్గర మొదలుపెట్టాలి. స్వయంవరం అయ్యేసరికి నవ్వాల్సినవాడు నిద్రపోతాడు.

అలాగని తెలిసిందల్లా నవ్వించదు. మా హైస్కూల్లో వార్షికోత్సవానికి లెక్కల మాస్టారి మీద స్కిట్ వేశాం. మొదట రాసుకున్నదాంట్లో మాస్టారు బెత్తం ఊపుతూ అరుస్తుంటారు. రిహార్సల్లో ఒక్కరూ నవ్వలేదు. అలాంటి మాస్టారు ప్రతి సినిమాలోనూ ఉంటారు, మా బడిలో మాత్రం లేరు. అప్పుడు వేషం కట్టినవాడు, ఎవరూ చెప్పకుండానే, డస్టర్ పక్కనే ఉన్నా బోర్డు మీది అంకెను అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి ప్యాంటు వెనక జేబుకి రాసుకున్నాడు. గది గొల్లుమంది. మేం రోజూ చూస్తున్నదే, కానీ చూస్తున్నామని మాకే తెలియదు. అసలు కార్యక్రమం రోజున అదే చేస్తే, ముందు వరసలో ఉన్న మాస్టారు లేచి నిలబడి, మెడ తిప్పి తన ప్యాంటు వెనక చూసుకున్నారు. తెల్లగానే ఉంది.

అదే స్కిట్ పక్క ఊరి బడి పిల్లలొచ్చి వేసి ఉంటే మేమే రాళ్లు విసిరేవాళ్లం. మా మాస్టారిని వెక్కిరించే హక్కు మాది. ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లం మరి.

ఈ హక్కు మనవాళ్లకి కొత్తేమీ కాదు. పరమానందయ్య శిష్యులు ఏరు నిద్రపోతోందో లేదో చూడ్డానికి కొరివిని నీళ్లలో ముంచారు. చుయ్యిమంది. అమ్మో, లేచే ఉందని వెనక్కి పరిగెత్తారు. గురుకులాలు పోయినా ఈ కథ పోలేదు. పాఠం చెప్పిన ప్రతివాళ్లకూ అలాంటి శిష్యుడు ఒక్కడైనా తగిలి ఉంటాడు. మీలో ఇద్దరు ముగ్గురు తల ఊపుతున్నారు కూడా.

మన ప్రతిజ్ఞనే తీసుకోండి. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, 1962లో, దాన్ని తెలుగులోనే రాశారు. "భారతీయులందరూ నా సహోదరులు" అని బడంతా ఒక్క గొంతుతో అంటుంటే, పదో తరగతి వరసలో ఎవడో "ఒక్కరు తప్ప" అని గొణుగుతాడు. ప్రతి ఊళ్లోనూ ఈ జోకు తామే కనిపెట్టామనుకుంటారు. ప్రతిజ్ఞ కంఠతా రానివాడికి ఆ రెండు మాటలూ అర్థమే కావు.

కొన్ని జోకులకు కాలం చెల్లింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, అందులోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంది. మొన్న మా ఇంట్లో గోడకుర్చీ మీద ఒక జోకు వేస్తే, పిల్లలు "అది ఏ కంపెనీ కుర్చీ?" అన్నారు. చివరికి నేనే గోడకు ఆనుకుని, మోకాళ్లు వంచి వేసి చూపించాల్సి వచ్చింది. జోకు పోయింది, నా మోకాళ్లూ పోయాయి. పోతే పోయింది లెండి, ఇలాంటి జోకులకోసం బెత్తాలు తిరిగి రానక్కర్లేదు.

పిల్లలకు వాళ్ల సరుకు వాళ్లకుంది. ఆ రోజే భోజనాల దగ్గర మా అన్నయ్య మనవడు బిర్యానీ గిన్నెలో ముక్కలు లెక్కపెడుతూ, టీవీలో ఇంటర్ కాలేజీ ర్యాంకుల ప్రకటన గొంతుతో, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు, మూడు... పదిలోపు ముక్కలన్నీ మావే!" మేం తేరుకునేలోపే వీడియో కాల్‌లోంచి పెద్దగా నవ్వు వినిపించింది. డాలస్‌లో ఉన్న వాడి మేనత్త. పదిహేనేళ్ల కిందట ఆ ప్రకటనల్లో ఆమె ఫొటో కూడా వచ్చింది.