అవధాని ధారణ, ఫోన్‌లో మెదడు ఆటలు

నమస్కారం. రోజూ పావుగంట ఫోన్‌లో ఆట ఆడితే ముసలితనంలో మతిమరుపు రాదని చెప్పే ప్రకటనలు ఇప్పుడు అమలాపురంలోనూ భీమవరంలోనూ పదవీ విరమణ చేసిన వారందరి ఫోన్లకూ వస్తున్నాయి. వాటిని తూచడానికి మన దగ్గర మంచి కొలత ఒకటి ఉంది. అదే అవధానం, పలువురు ఒకేసారి అడిగేవాటికి ఆశువుగా పద్యాలు చెప్పే విద్య. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా ఊరూరా అవధానాలు చేసిన గడ్డ ఇది. ప్రశ్నించే పృచ్ఛకుడు ఫలానా అక్షరం వాడకూడదని అడుగడుగునా నిషేధం పెడుతుంటే, మరొకరు అప్రస్తుత ప్రసంగంతో అడ్డు తగులుతుంటే, మోగిన గంటలు లెక్కపెట్టుకుంటూ పద్యాలు పూరించి, చివరకు ఆ పద్యాలన్నింటినీ వరుసగా ధారణ చేయడం, అంటే గుర్తుంచుకుని అప్పజెప్పడం కన్నా కఠినమైన మెదడు సాధన ఊహించడం కష్టం.

అయితే ఆ సాధన వల్ల పెరిగేది మొత్తం జ్ఞాపకశక్తేనా? 1980లో అమెరికాలో ఎరిక్‌సన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఒకసారి విని ఏడు అంకెలు మాత్రమే చెప్పగలిగిన ఒక విద్యార్థి, సుమారు 230 గంటల అభ్యాసం తరువాత 79 అంకెలు చెప్పగలిగాడు. పరుగు పందేల మీద ఆసక్తి గలవాడు కాబట్టి అంకెలను పందెం సమయాలుగా మార్చి గుర్తుపెట్టుకున్నాడు. అంకెలకు బదులు అక్షరాలు వినిపించగానే మళ్లీ ఆరు దగ్గరకు వచ్చేశాడు. పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, అంకెలను పట్టుకునే ఉపాయం. అవధానికీ ఛందస్సు, నిఘంటువు, ఏళ్ల తరబడి నోటికి వచ్చిన కావ్యాలు అటువంటి పట్టునే ఇస్తాయని నా అభిప్రాయం. అంత ధారణ గలవారు కూడా కళ్లజోడు ఎక్కడ పెట్టారో ఇంట్లో వారిని అడగవచ్చు.

సాధన మెదడులో జాడ మిగల్చదని దీని అర్థం కాదు. శుక్ల యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల మెదళ్లను స్కాన్ చేసి, 2016లో ప్రచురించిన అధ్యయనం, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన పలు భాగాలలో బూడిద పదార్థం (నాడీకణాలు ఉండే ‘గ్రే మ్యాటర్’) ఎక్కువగా ఉందని చూపింది. కోనసీమ అగ్రహారాల్లో ఎక్కువగా వినిపించేది కృష్ణ యజుర్వేదం, కాని శ్రమ ఒకటే. అయినా ఒక్కసారి తీసిన స్కాన్‌ను బట్టి, వేదం వల్లించడం వల్ల మెదడు అలా మారిందా, అటువంటి మెదడు గలవారే ఆ చదువులో నిలిచారా అన్నది తేల్చలేము. మెదడు ఎంత ఎక్కువగా పనిచేస్తే అంత మంచిదన్న నమ్మకమూ నిలవదు. 1992లో హాయర్ బృందం పరిశీలించినప్పుడు, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆటలో నేర్పు వచ్చినకొద్దీ మెదడు వాడుకునే గ్లూకోజు తగ్గింది. మరోవైపు, వృద్ధులలో జ్ఞాపకశక్తి పరీక్షల్లో బాగా రాణించేవారు యువకుల కన్నా భిన్నంగా ముందు మెదడులోని రెండు వైపులనూ వాడుతున్నారని 2002లో కబేజా బృందం గమనించింది.

ఇక శిక్షణ సంగతి. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,802 మందితో జరిగిన ‘యాక్టివ్’ ప్రయోగంలో జ్ఞాపకం, తర్కం, చూపుతో త్వరగా గ్రహించే వేగం వేర్వేరు బృందాలకు పదేసి తరగతులుగా నేర్పారు. ఎవరు ఏది నేర్చుకున్నారో అందులోనే మెరుగుపడ్డారు. పదేళ్ల తరువాత తర్కం, వేగం బృందాలకు కొంత లాభం మిగిలింది, జ్ఞాపకం బృందానికి మిగలలేదు. లూమోసిటీ అనే ఆటల సంస్థ తన ప్రకటనల్లో ఆధారాలను మించి చెప్పిందన్న ఫిర్యాదుపై 2016లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

నాకు ఇంతకన్నా విలువైనదిగా కనిపించేది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం చేసి 2013లో ప్రచురించిన పరిశీలన. 648 మంది డిమెన్షియా (మతిమరుపు ముదిరే వ్యాధి) రోగులలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మూడో భాష అదనంగా ఏమీ కలపలేదు. ఆసుపత్రికి వచ్చినవారినే చూశారు గనుక దీన్ని ఊరంతటికీ వర్తింపజేయడానికి జాగ్రత్త అవసరమే. కాని గల్ఫ్‌లో ఏళ్లు గడిపి అరబ్బీ, హిందీ మాట్లాడి తిరిగివచ్చిన మన కోనసీమ ఆడవాళ్లు తాము చేసిన మెదడు సాధనను సాధనగా లెక్కపెట్టరు.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు సంబంధించి మార్చుకోగల 14 కారణాలను పేర్కొంది. అధిక రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం వాటిలో ఉన్నాయి. వినికిడి తగ్గిన పెద్దాయన నలుగురూ కూర్చునే అరుగు మీదికి రావడం మానేస్తారు, ఇంట్లోవాళ్లు దాన్ని మతిమరుపు అనుకుంటారు. ఆటల చందా కట్టే ముందు ఆయన చెవులను ఒకసారి వైద్యునికి చూపించండి.