మెర్జ్ అయ్యాక ఏ లైనుకు ఏ రంగు?

యాంకర్: ఈవేళ ఫోన్-ఇన్‌లో, ప్రోగ్రాం కోడ్‌లో ఎవరెప్పుడు ఏం మార్చారో నమోదు చేసి పెట్టే సాఫ్ట్‌వేర్ గిట్ మీద మీ సందేహాలు. గచ్చిబౌలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి అండీ.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మా టీమ్‌లో మెర్జ్‌లు, అంటే విడివిడిగా నడిచే కోడ్ శాఖల్ని (బ్రాంచుల్ని) ఒకటిగా కలపడం, నేనే చూస్తాను. అలా కలిపినట్టు నమోదయ్యే మెర్జ్ కమిట్ మీద, మార్పులు చూపించే గిట్ షో కమాండ్ కొడితే మన మెయిన్ బ్రాంచిలోంచి వచ్చిన లైనూ పచ్చే, ఫీచర్ బ్రాంచి లైనూ పచ్చే. మనదానికి నీలం, అవతలిదానికి పసుపు, రెండిట్లోనూ లేనిదానికి ఊదా, పోయినవాటికి ఎరుపు పెడదామని ఉంది.

నిపుణుడు: ముగ్గు వేస్తున్నారా ఏంటండీ! గిట్‌లో అలాంటి సెట్టింగ్ లేదు. వచ్చిన లైనుకు ఒక రంగు, పోయినదానికి ఒక రంగు, అంతే. ఏ బ్రాంచిదో చెప్పేవి లైను మొదట్లో ఉండే రెండు గళ్లు. అవి చూస్తున్నారా?

కాలర్: చూస్తాను సార్. మొదటి గడిలో ప్లస్ ఉంటే మనం రాసింది, రెండో దాంట్లో ఉంటే వాళ్లది.

నిపుణుడు: అక్కడే చాలామంది బోల్తా పడతారు. మొదటి గడి మన బ్రాంచిదే. కానీ అందులో ప్లస్ ఉందంటే, మన బ్రాంచిలో ఆ లైను లేదు, మెర్జ్‌తో వచ్చింది అని. అంటే అవతలివాళ్లు రాసింది. రెండు గళ్లలోనూ ప్లస్ ఉంటే ఇద్దరిదీ కాదు, కాన్‌ఫ్లిక్ట్‌ని, అంటే ఒకే చోట ఇద్దరూ వేర్వేరుగా మార్చిన చిక్కుని, సరిచేస్తూ ఎవరో చేత్తో రాశారు. మీరు కళ్లు పెట్టి చూడాల్సింది దాన్నే. మిగతావి ఎటూ వాటి బ్రాంచుల్లో రివ్యూ అయ్యే ఉంటాయి కదా.

కాలర్: పోనీ దానికొక్కదానికే రంగు?

నిపుణుడు: 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.36 నుంచి రీమెర్జ్-డిఫ్ అనే ఆప్షన్ ఉంది. గిట్ షోకి అది తగిలించండి. గిట్ ఆ మెర్జ్‌ని తనే మళ్లీ చేసి, తనకు వచ్చినదానికీ మీవాళ్లు కమిట్ చేసినదానికీ తేడా ఒక్కటే చూపిస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు ఎరుపులో పోతాయి, చేత్తో రాసింది పచ్చలో కనిపిస్తుంది.

కాలర్: ఆ రెండింటితోనే ఇంకో చిక్కుంది సార్. మా లీడ్ గారికి ఎరుపు, పచ్చ ఒకేలా కనిపిస్తాయి. మొహమాటానికి ఆయన పైకి చెప్పరు.

నిపుణుడు: అయితే నీలం, నారింజ. గిట్ కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో ఇలాంటివాళ్ల కోసం ఉన్న థీమ్‌లోనూ అవే. కాకపోతే ఊరికే ‘బ్లూ’ అని ఇస్తే చాలా టెర్మినళ్లలో, అంటే కమాండ్లు కొట్టే తెరల్లో, నలుపు మీద ముదురుగా పడి మీకూ కనపడదు. నంబర్లు ఇవ్వండి. వచ్చిన లైను రంగు సెట్టింగ్ కలర్ డాట్ డిఫ్ డాట్ న్యూకి 33, అంటే నీలం; పోయినదాని సెట్టింగ్ కలర్ డాట్ డిఫ్ డాట్ ఓల్డ్‌కి 208, అంటే నారింజ. ఇది ఆయన మెషీన్‌లో పెట్టాలి, మీ దాంట్లో పెడితే ఆయనకేం లాభం? ఇంకోటి, మాటమాటకీ తేడా చూపే వర్డ్-డిఫ్‌ని కలర్ మోడ్‌లో వాడితే ప్లస్, మైనస్ గుర్తులు అసలు ఉండవు, అంతా రంగు మీదే నడుస్తుంది. ఆయనకు ప్లెయిన్ మోడ్ ఇవ్వండి. బ్రాకెట్లతో చూపిస్తుంది.

కాలర్: థాంక్స్ సార్.

యాంకర్: తర్వాతి కాల్ రాజమండ్రి నుంచి, పాలిటెక్నిక్ లెక్చరర్ గారు.

కాలర్: ప్రొజెక్టర్ మీద తెల్ల టెర్మినల్ పెట్టి గిట్ లాగ్, అంటే కమిట్ల జాబితా, చూపిస్తుంటే, కమిట్ నంబరు వెనక బెంచీలకు అసలు కనపడట్లేదు సార్. బ్రాంచుల్ని గీతలుగా చూపే గ్రాఫ్ పెడితే, ఎర్ర గీత ఏ బ్రాంచిది అని పిల్లలు అడుగుతున్నారు.

నిపుణుడు: కమిట్ నంబరుకు మామూలుగా పసుపు ఉంటుందండీ, తెలుపు మీద అది తేలిపోతుంది. కలర్ డాట్ డిఫ్ డాట్ కమిట్‌కి నీలం ఇవ్వండి, తెల్ల తెర కాబట్టి ఇక్కడ నీలం బాగుంటుంది. గ్రాఫ్ గీతల రంగులు బ్రాంచి పేరును బట్టి రావు, గిట్ వరసగా వేసుకుంటూ పోతుంది. ఇవాళ ఎర్రగా ఉన్న బ్రాంచి రేపు పచ్చగా కనిపించొచ్చు. లాగ్ డాట్ గ్రాఫ్‌కలర్స్‌లో ముదురు రంగులు మాత్రం ఏరి ఇచ్చి, బ్రాంచి పేరు కోసం డెకొరేట్ ఆప్షన్ వాడమనండి.