బ్రేకు లేని యాంటీబాడీలు కావాలా మీకు?

నమస్తే అండీ. ఇవాళ ఒక్కటే మాట, నచ్చినా నచ్చకపోయినా: యాంటీబాడీలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదనేది శుద్ధ అబద్ధం!

2025 మెడిసిన్ నోబెల్ గొడవ మీకు తెలిసిందేగా. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి. రెగ్యులేటరీ టీ కణాలు, అంటే ఇమ్యూనిటీని అదుపులో పెట్టే కణాల మీద చేసిన పనికి ఇచ్చారు. "ఇమ్యూనిటీని తగ్గించేవాటికి నోబెల్ ఏంటి?" అని మొదలుపెట్టారు మనవాళ్లు. కరోనా టైంలో పొడులు, కషాయాలు కొన్న బుర్రలు కదా, అలాగే అడుగుతాయి!

గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ల కడుతుంది, వేలికి తగులుతుంది. అది లింఫ్ గ్రంథి, దాని లోపల జెర్మినల్ సెంటర్లు ఉంటాయి. అక్కడ బీ కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, తమ యాంటీబాడీ జన్యువులను మార్చుకుంటూ, వైరస్‌కి ఎవరు గట్టిగా అతుక్కుంటారో తేల్చుకుంటాయి. నెగ్గినవాటికి హెల్పర్ టీ కణాలు బతకమని సిగ్నల్ ఇస్తాయి. అచ్చం ఎంసెట్ కౌన్సెలింగే! ర్యాంకు ఉంటేనే సీటు. మరి అడ్డమైనవాళ్లకీ సీట్లు పోకుండా చూసేదెవరు? టీఎఫ్ఆర్, అంటే ఫాలిక్యులర్ రెగ్యులేటరీ కణాలు. రెగ్యులేటరీ కణాల్లోనే ఒక జాతి, నేరుగా ఆ జెర్మినల్ సెంటర్లోకే దూరి కూర్చుంటాయి.

2011లో వీటి సంగతి బయటపడింది. ఇవి లేని ఎలుకల్లో ఏమైందో తెలుసా? ఎక్కించిన యాంటిజెన్‌తో (ఇమ్యూనిటీని రెచ్చగొట్టే బయటి పదార్థంతో) సంబంధమే లేని బీ కణాలు గుంపులుగా పెరిగాయి. మొత్తం మేనేజ్‌మెంట్ కోటా! జన్యువులు మారేటప్పుడు కొన్ని బీ కణాలు మన ఒంటి మీదకే తిరగొచ్చు. వాటికీ సీటిస్తే? లూపస్ అనే జబ్బులో సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు తయారవుతాయి. ఇదా మీకు కావాల్సిన "బూస్ట్"?

అన్నట్టు, నోబెల్ ప్రకటించిన రోజు రామ్స్‌డెల్ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి కొండల్లో తిరుగుతున్నారు. భార్య కేక పెడితే ఎలుగుబంటి వచ్చిందనుకున్నారట! నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

అసలు నా కోపం వేరే ఉంది. 1970లలోనే ఇమ్యూనిటీని అణిచే కణాల మీద, "సప్రెసర్ టీ కణాలు" అని జోరుగా పరిశోధనలు జరిగాయి. 1980లలో, వాటికి ఆధారం అనుకున్న జన్యువు ఉండాల్సిన చోట కనిపించలేదు. అంతే, ఆ పేరెత్తితేనే నవ్వడం మొదలైంది. సకాగుచి మాత్రం పట్టు వదలకుండా 1995లో, కణం పైన ఉండే సీడీ25 అనే ప్రోటీన్ గుర్తుతో రెగ్యులేటరీ కణాలను పట్టి చూపించారు. ఆ ఎగతాళే లేకపోతే టీఎఫ్ఆర్‌లు పదేళ్లు ముందే దొరికేవి. ఇది నా థియరీ, తిట్టాలనుకుంటే తిట్టండి.

ఇక బూస్టర్ పొడులు అమ్మే అన్నలకి ఒకటే ప్రశ్న. మీ డబ్బా పెంచేది హెల్పర్ కణాలనా, టీఎఫ్ఆర్‌లనా? లేబుల్ మీద రాయండి, చూస్తా.